మూడు రంగుల పిల్లి, అత్తమ్మ, నేను

మా వడ్ల గుమ్మి వెనక పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. తల్లిది మూడు రంగుల ఒళ్లు. పొట్ట, కాళ్లు తెలుపు, వీపు మీద నల్ల మచ్చలు, ఎర్ర మచ్చలు. ఎరుపంటే కుంకుమ ఎరుపు కాదు, బెల్లం రంగు. మా కొత్తగూడ వైపు దాన్ని ఎర్రపిల్లి అనే అంటాం. అత్తమ్మ టార్చి వేసి, వంగి చూసి లెక్క చెప్పింది. "ఒకటి ఎర్రది, రెండు నల్లయి, ఒకటి తల్లి లెక్కనే మూడు రంగులది. ఆ మూడు రంగులది ఆడిది."

కూనలు ఇంకా కళ్లే తెరవలేదు. ఆమె దేన్నీ తోక ఎత్తి చూడనూ లేదు. "ఎట్ల తెలుసు అత్తమ్మా?" అన్నాను. "మూడు రంగుల గండుపిల్లిని నేను పుట్టిన కాడికెల్లి చూడలే" అంది, చీర కొంగుకు అంటిన బూజు దులుపుకుంటూ.

ఆమెకు డెబ్బై దాటాయి. బడి మెట్లు ఎక్కలేదు. కానీ ఆమె అన్న ఈ మాటే, సరిగ్గా ఈ మాటే, నూట ఇరవై ఏళ్ల కిందట ఇంగ్లండ్‌లో ఒక పెద్దమనిషికి నిద్ర పట్టనివ్వలేదు. ఆ సంగతి నాకెలా తెలుసంటే, మా బాబు వల్ల తెలుసు. పిల్లుల మీద ప్రేమతో చదివింది కాదు. ఒక నింద మోయలేక చదివింది.

తొమ్మిదేళ్ల కిందటి మాట. బాబుకు అప్పుడు ఏడేళ్లు. మాది ఏజెన్సీ మండలం, ఒక పక్క పాకాల అడవి. వానాకాలం వచ్చిందంటే దోమలూ చలిజ్వరాలూ మాకు కొత్త కాదు. రక్త పరీక్షలో వైవాక్స్ మలేరియా అని తేలింది. పద్నాలుగు రోజులు వేసుకోవాలని ప్రైమాక్విన్ మాత్రలు ఇచ్చారు. మూడో రోజు పొద్దున బాబు బాత్రూమ్‌లోంచి "అమ్మా, చూడు" అని పిలిచాడు. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. కళ్లు పచ్చబడ్డాయి, పెదాలు సున్నం కొట్టినట్టు పాలిపోయాయి. వరంగల్ తీసుకుపోయాం. రక్తం ఎక్కించారు. నాలుగు రోజులు నేను ఆ మంచం అంచున కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉన్నాను.

పరీక్షలు చేసి డాక్టరు చెప్పారు: "మీ బాబుకు జీ6పీడీ లోపం ఉందమ్మా. ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ తక్కువ. మామూలుగా ఏమీ ఉండదు. కొన్ని మందులు పడితే మాత్రం కణాలు పగిలిపోతాయి. ఇది తల్లి నుంచి కొడుక్కి వస్తుంది." ఆమె చెప్పింది నిజమే. తప్పుగా ఒక్క ముక్క చెప్పలేదు. కానీ ఆ చివరి వాక్యం ఆస్పత్రి నుంచి మా ఇంటికి నాకన్నా ముందే చేరింది. "తల్లి నుంచేనంట" అని వాకిట్లో ఒకరు, బోరింగు దగ్గర ఇంకొకరు. అత్తమ్మ ఒకే ఒక్క మాట అంది. "మా ఇంట్ల ఇసొంటి రోగం లేదు."

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మాది మేనరికం. అత్తమ్మ మా బాపుకు సొంత అక్క. ఆమె "మా ఇల్లు" అన్నప్పుడు ఏ ఇల్లో ఆరోజు నేను అడగలేదు. అడిగే తెలివి ఉంటే ఇంత కథ ఉండేది కాదు.

బాబు కోలుకున్నాక ఫోన్‌లో, పాత సైన్సు పుస్తకాల్లో దొరికిందల్లా చదివాను. తల్లి నుంచి కొడుక్కి వచ్చే వాటి గురించి ఎక్కడ చదివినా పిల్లి ఎదురయ్యేది. మొదట చిరాకేసింది. నా కొడుకు రక్తం సంగతి చూద్దామంటే మధ్యలో ఈ పిల్లి గోలేమిటి అని. తర్వాత అర్థమైంది, ఈ కథకు అసలు దారి పిల్లి వేసిందేనని.

మన ఒంట్లో ప్రతి కణంలో క్రోమోజోములనే పోగులుంటాయి. వాటిలో రెండు ఆడా మగా తేడాకు సంబంధించినవి. ఆడవాళ్లకు రెండూ ఎక్స్‌లే. మగవాళ్లకు ఒక ఎక్స్, ఒక వై. పిల్లికీ అంతే. ఈ చిన్న వై ఉందని 1905లో అమెరికాలో నెట్టీ స్టీవెన్స్ అనే ఆమె పిండిపురుగుల్లో కనిపెట్టింది. అంతకుముందు బడిపంతులమ్మగా పనిచేసి, డబ్బు కూడబెట్టుకుని, ముప్పై దాటాక పెద్ద చదువులకు పోయింది. బిడ్డ ఆడో మగో తండ్రి కణమే తేలుస్తుందని ఆమె వల్ల తెలిసింది. 1912లో రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. ఆమె చెప్పి నూరేళ్లు దాటినా, ఆడపిల్ల పుడితే కోడలి ముఖం చూసే ఇళ్లు మా చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. సరే, అది వేరే రోజు రాస్తాను.

ఆ రోజుల్లోనే ఇంగ్లండ్‌లో లియొనార్డ్ డాంకాస్టర్ అనే శాస్త్రవేత్త పిల్లుల పెంపకందార్ల లెక్కలు తిరగేస్తున్నాడు. నేను పైన చెప్పిన పెద్దమనిషి ఈయనే. ఎర్ర గండుపిల్లికీ నల్ల ఆడపిల్లికీ పుట్టిన వాటిలో ఆడవి ఎరుపూ నలుపూ కలిసిన మచ్చలవి, మగవి నల్లవి. ఎప్పుడు చూసినా ఇంతే. మచ్చల గండుపిల్లి మాత్రం ఎక్కడా కనబడదు, వెయ్యింటికో ఎన్ని వేలింటికో ఒకటి కనబడినా అది చాలావరకు గొడ్డుదే. మరి ఎందుకు? 1912లో అమెరికాలో క్లారెన్స్ లిటిల్ విడమర్చాడు. ఎరుపా నలుపా అని తేల్చే జన్యువు ఎక్స్ మీద ఉంది. గండుపిల్లికి ఎక్స్ ఒకటే కాబట్టి ఎరుపో నలుపో ఏదో ఒకటే. ఆడపిల్లికి రెండు కాబట్టి ఒక దాని మీద ఎరుపు, ఇంకో దాని మీద నలుపు ఉండొచ్చు. అప్పుడే రెండు రంగులూ వస్తాయి. వేలల్లో ఒకటిగా పుట్టే మచ్చల గండుపిల్లికి చాలావరకు పొరపాటున రెండు ఎక్స్‌లూ ఒక వై పడతాయని 1960 ప్రాంతంలో తేలింది.

(బూడిద రంగు చారల పిల్లి కూడా ఈ లెక్కలో నల్లపిల్లే. చారలు గీసే జన్యువులు వేరు. తెలుపు ఇంకా వేరు. అది ఎక్స్ మీద లేదు. తల్లి కడుపులో ఉన్నప్పుడు రంగు కణాలు వెన్ను నుంచి బయలుదేరి కిందికి పాకుతాయి. పొట్టకూ పాదాలకూ చేరకుండా ఆగిపోతే అక్కడ తెలుపు మిగులుతుంది. అందుకే పొట్ట నల్లగా, వీపు తెల్లగా ఉన్న పిల్లిని చూడం.)

లిటిల్ చెప్పినదాన్ని బట్టి ఒక లెక్క తేలుతుంది. నాకు అందరికన్నా ఎక్కువగా పనికొచ్చింది అదే. గండుపిల్లి తన ఎక్స్‌ను కొడుక్కి ఇవ్వదు, వై ఇస్తుంది. కాబట్టి కొడుకు రంగు పూర్తిగా తల్లి నుంచే. తండ్రి ఎరుపైనా నలుపైనా దానికి సంబంధం లేదు. కూతురికి మాత్రం తండ్రి తన దగ్గరున్న ఒక్క ఎక్స్‌నూ ఇచ్చి తీరతాడు. వేరే ఇవ్వడానికి అతని దగ్గర ఇంకోటి లేదు.

కానీ ఇంకో చిక్కుముడి మిగిలింది. రెండు జన్యువులూ కలిస్తే రంగులు కూడా కలిసిపోయి గోధుమ రంగేదో రావాలి కదా! ఇక్కడ ఒక ఎర్ర ముక్క, అక్కడ ఒక నల్ల ముక్క, అతుకుల బొంత లాగా ఎందుకు? ఈ ముడి విప్పడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. అందులో సగం మళ్లీ పిల్లే విప్పింది. 1949లో కెనడాలో మరే బార్, అతని విద్యార్థి బెర్ట్రమ్ పిల్లుల నరాల కణాలను సూక్ష్మదర్శినిలో చూస్తున్నారు. వాళ్లు వెతికేది నరాల అలసట గురించి. కొన్ని పిల్లుల కణాల్లో ఒక నల్ల చుక్క ఉంది, కొన్నిట్లో లేదు. లెక్క చూస్తే చుక్క ఉన్నవన్నీ ఆడపిల్లులు. ఆ చుక్కేమిటో వాళ్లకూ అప్పుడు అర్థం కాలేదు.

1961లో మేరీ లయన్ చెప్పింది. ఆమె కేంబ్రిడ్జిలో చదివిన కాలంలో ఆ విశ్వవిద్యాలయం మగవాళ్లతో సమానంగా ఆడవాళ్లకు డిగ్రీ ఇచ్చేది కాదు, పేరుకు ఒకటి ఇచ్చేది. 1948లో గానీ ఆ పద్ధతి మారలేదు. తర్వాత హార్వెల్‌లో ఎలుకల మీద పనిచేస్తూ, కొన్ని ఆడ ఎలుకల బొచ్చు మీద మచ్చలు చూసి ఆమె అన్నది ఇదీ: ఆడజీవి ప్రతి కణంలోనూ రెండు ఎక్స్‌లలో ఒకటే పనిచేస్తుంది. రెండోదాన్ని కణం ముడిచి మూలన పడేస్తుంది. బార్ చూసిన చుక్క అదే. రెండు పొయ్యిల గ్యాస్ స్టవ్‌లో ఒకటి ఆర్పేసినట్టు అనుకోండి. పిండం చిన్నగా ఉన్నప్పుడే ఒక్కో కణం ఏదో ఒక పొయ్యి ఆర్పేస్తుంది. ఇది ఎడమది, పక్కది కుడిది. దేన్ని ఆర్పాలో ఎవరూ చెప్పరు. కానీ ఒకసారి ఆర్పాక ఆ కణం నుంచి పుట్టిన కణాలన్నీ అదే పొయ్యి ఆర్పుకుని ఉంటాయి. పిల్లి వీపు మీద ఎర్ర ముక్క అంటే నలుపు ఎక్స్ ఆరిపోయిన కణాల కుటుంబం. నల్ల ముక్క అంటే ఎరుపు ఆరిపోయిన కుటుంబం.

ఇది పిల్లికే కాదు, మనకూ అంతే. నాలాంటి ఆడవాళ్ల ఒంట్లో సుమారు సగం కణాలు అమ్మ ఎక్స్‌తో, సగం నాన్న ఎక్స్‌తో నడుస్తున్నాయి. పిల్లికి బయటికి కనబడుతుంది, మనకు కనబడదు. అంతే తేడా.

2001 డిసెంబరు 22న అమెరికాలోని టెక్సాస్‌లో రెయిన్‌బో అనే మూడు రంగుల పిల్లి నుంచి ఒక్క కణం తీసి అచ్చు అలాంటి పిల్లినే పుట్టించారు. లోకంలో మొదటి క్లోనింగ్ పిల్లి. సీసీ అని పేరు పెట్టారు. తీరా చూస్తే దాని ఒంటి మీద ఎరుపన్నదే లేదు. వాళ్లు తీసిన కణంలో ఎరుపు పొయ్యి ఆరిపోయి ఉంది, అది మళ్లీ వెలగలేదు. అచ్చుగుద్దినట్టు కావాలని అంత ఖర్చు పెట్టినవాళ్ల ముఖాలు ఊహించుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఇక నా కొడుకు రక్తం దగ్గరికి వస్తాను. ఈ కథ మన దేశానికి వచ్చిన దారి కూడా ముచ్చటైనదే. 1949లో లండన్ పిల్లుల రంగులు లెక్కపెట్టి సెర్ల్ అనే ఆయన ఒక వ్యాసం రాశాడు. అది వచ్చింది జర్నల్ ఆఫ్ జెనెటిక్స్ అనే పత్రికలో. దాని సంపాదకుడు హాల్డేన్. మలేరియా ఉన్న చోట రక్తంలో కొన్ని లోపాలు ఎక్కువగా ఎందుకుంటాయంటే అవి మలేరియా నుంచి కొంత కాపాడతాయి కాబట్టి అని అదే ఏడు ఊహించిన మనిషి ఆయన. 1957లో ఆయన ఇంగ్లండ్ వదిలి కలకత్తా వచ్చేశాడు. పత్రిక కూడా ఆయన వెంటే వచ్చింది. భార్య హెలెన్ స్పర్వే కూడా శాస్త్రవేత్తే. ఆయన 1964 డిసెంబరులో భువనేశ్వర్‌లో పోయాక కూడా ఆమె ఇక్కడే ఉండిపోయింది, చివరికి హైదరాబాద్‌లో 1978లో కన్నుమూసింది.

లండన్ పిల్లుల లెక్క వేసిన ఆ పత్రికలోనే 1964లో పి. మీరాఖాన్ అనే తెలుగు డాక్టరు వ్యాసం వచ్చింది. తెలుగు పల్లెల్లో జీ6పీడీ లోపం గురించి!  అది కనబడగానే ఫోన్ పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. మా బాబుది ఎక్కడా లేని వింత రోగం కాదు. నేను పుట్టకముందే, మా మాటే మాట్లాడే ఊళ్లలో దాన్ని వెతికి, పట్టుకుని, రాసి పెట్టారు. తర్వాత మీరాఖాన్ నెదర్లాండ్స్‌లోని లైడెన్‌కు వెళ్లి అక్కడ పెద్ద పేరు తెచ్చుకున్నారు.

లోపాన్ని మొదట పట్టుకున్న కథ మాత్రం చేదుగా ఉంటుంది. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రంలోని స్టేట్‌విల్ జైల్లో ఖైదీల మీద మలేరియా మందులు పరీక్షించేవారు. ప్రైమాక్విన్ వేస్తే కొందరికి, ఎక్కువగా నల్లజాతి ఖైదీలకు, రక్తం విరిగిపోయేది. ఎందుకో 1956లో తేలింది, వాళ్ల కణాల్లో జీ6పీడీ తక్కువ. ఈ జన్యువు కూడా ఎక్స్ మీదిదే. పిల్లి ఎరుపు జన్యువు ఉండే పోగు మీదే ఇదీ ఉంది. 1962లో ఎర్నెస్ట్ బ్యూట్లర్ అనే డాక్టరు ఈ లోపాన్ని మోసే ఆడవాళ్ల రక్తం పరీక్షించి, అందులో రెండు రకాల ఎర్రకణాలు కలిసి ఉన్నాయని చూపించాడు. కొన్ని మంచివి, కొన్ని లోపం ఉన్నవి. మేరీ లయన్ బొచ్చులో చూసింది ఈయన రక్తంలో చూశాడు.

అంటే నా రక్తం మూడు రంగుల పిల్లి. ఎరుపు కణాలూ ఉన్నాయి, నలుపు కణాలూ ఉన్నాయి, మంచివి లోటు పూడుస్తున్నాయి. అదే మాత్ర నేనూ చిన్నప్పుడు మింగాను, ఏమీ కాలేదు. బాబుకు మాత్రం ఒక్కటే ఎక్స్. నేనిచ్చిన రెండింట్లో అది పడింది. బొమ్మా బొరుసా అన్నట్టు.

ఇదంతా తెలిసి కూడా ఇన్నేళ్లు అత్తమ్మకు చెప్పలేకపోయాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆ రోజు టార్చి వెలుగులో ఆమే మొదలుపెట్టింది.

"అత్తమ్మా, ఆ ఎర్రది గండుపిల్లే. చూడు" అన్నాను. కళ్లు తెరిచాక చూస్తే గండుపిల్లే. నల్లవాటిలో ఒకటి గండు, ఒకటి ఆడ. వీటి తండ్రి వెనక వీధి నల్ల గండుపిల్లి అని ఊరందరికీ తెలుసు (పిల్లి ఒక్క కాన్పులో ఇద్దరు తండ్రుల పిల్లల్ని కూడా కనగలదట, ఆ మాట మాత్రం అత్తమ్మకు చెప్పలేదు). "తండ్రి నల్లది కదా, మరి ఈ గండుకు ఎరుపు ఎవరిచ్చిండ్రు?" అన్నాను.

"తల్లి ఇచ్చింది."

"ఈ నల్ల గండుకు నలుపు?"

"అది సుత తల్లే."

"ఒక్క తల్లి, ఒక్క కాన్పు. ఒకనికి అది, ఒకనికి ఇది. తల్లి కావాలని చేసిందా?"

అత్తమ్మ నా వైపు చూసింది. పిల్లి గురించి కాదని ఆమెకు అర్థమైంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. గుమ్మి పక్కన పీట లాక్కుని కూర్చుంది. తర్వాత మెల్లగా అంది. "మా తమ్మునికి గట్లనే అయింది. పెండ్లి కాకముందు. చలిజ్వరం గోలీలు మింగిండు, ఒంటేలు నల్లగ వచ్చింది. కామెర్లని పసరు పోయించినం. బతుకుతడనుకోలే."

తమ్ముడంటే మా బాపు. బాబు పుట్టకముందే పోయాడు. ఎవరూ ఆయన రక్తం పరీక్ష చేయలేదు, ఆయన ఈ సంగతి నాతో ఎప్పుడూ అనలేదు. మగవాడికి ఒక్కటే ఎక్స్, దాన్ని కూతురికి ఇచ్చి తీరాలి. ఆయనకు ఆ ఎక్స్ వచ్చింది నానమ్మ నుంచి. అత్తమ్మను కన్నదీ ఆ నానమ్మే.

"అంటే మా అవ్వ నుంచి వచ్చిందా?"

"అయి ఉండొచ్చు."

"మరి నాకు?"

"సగం సగం అత్తమ్మా."

"నా కొడుకు అదే గోలీ మింగి మంచిగనే ఉన్నడు గద." ఉన్నాడు. కానీ ఆమెకు కూడా రెండు ఎక్స్‌లు ఉన్నాయి కదా, రెండోది ఇచ్చి ఉండొచ్చు. నల్ల కూనను చూపించాను. తల ఊపింది. "మా ఇంట్ల లేదంటిని" అంది తనలో తను అన్నట్టు. అంతకుమించి ఏమీ అనలేదు, నేనూ అననివ్వలేదు.

వంటింటి సంగతులు కొన్ని చెప్పి ముగిస్తాను. ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందికి ఈ లోపం ఉందని అంచనా. ఇంట్లో ఎవరికైనా ఉంటే ఏ మందు రాసినా ముందు డాక్టరుకు ఆ మాట చెప్పాలి. ప్రైమాక్విన్ ఒక్కటే కాదు, డాప్సోన్ లాంటివి ఇంకొన్ని ఉన్నాయి. బట్టల పెట్టెలో వేసే కలరా ఉండలు కూడా పనికిరావు. నాఫ్తలిన్‌తో చేసినవి పసిపిల్లలకు మరీ ప్రమాదం. మా బీరువాలో ఇప్పుడు వేపాకే. మందు వేసుకున్నాక మూత్రం ముదురు రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా మాత్ర ఆపి వెంటనే ఆస్పత్రికి పోవాలి, పసరు దగ్గరికి కాదు. ఆడవాళ్లకు ఏమీ కాదని కూడా అనుకోవద్దు. ఏ పొయ్యి ఎన్ని కణాల్లో ఆరిందన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. కొందరిలో మంచి ఎక్స్ ఎక్కువగా ఆరిపోయి, మగవాళ్లలాగే ఇబ్బంది పడతారు.

అన్నట్టు, ఆ ఎరుపు జన్యువు ఏదో లిటిల్ చెప్పిన నూట పదమూడేళ్లకు, 2025లో గానీ దొరకలేదు. జపాన్‌లో క్యూషూ విశ్వవిద్యాలయపు సాసాకి బృందం, అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్లు విడివిడిగా వెతికి ఒకే చోటికి చేరారు. ఎక్స్ మీద ఒక చోట సుమారు 5,000 అక్షరాల ముక్క ఎగిరిపోయిందట, ఎర్రపిల్లులన్నిట్లోనూ అదే. సాసాకి బృందం ఆ పనికి పిల్లి ప్రేమికుల దగ్గర చందాలు పోగుచేసింది.

మా పాపకు పదమూడేళ్లు. బాబు ఆస్పత్రిలో ఉన్నప్పుడే దానికీ పరీక్ష చేయించమన్నారు, ఇదుగో అదుగో అని నేనే వాయిదా వేశాను. ఈసారి వరంగల్ పోతుంటే అత్తమ్మ కూడా చెప్పులు వేసుకుని వచ్చింది. "నాకు సుత రాయించు" అంది. పాప కాగితంలో అంకె మధ్యలో వచ్చింది, నాలాగే. అది మోస్తోందని డాక్టరు ఒక కార్డు మీద రాసిచ్చారు, దాని పుస్తకాల సంచిలో పెట్టాను. అత్తమ్మది మామూలుగా వచ్చింది. ఆడవాళ్లకు ఈ పరీక్ష మామూలుగా వచ్చినా లోపల మోస్తూ ఉండే వీలుందని డాక్టరు చెబుతూనే ఉన్నారు, అత్తమ్మ మధ్యలోనే కాగితం మడిచి రవికెలో పెట్టుకుంది.

బస్సులో నర్సంపేట దాటాక అంది. "అయితే నాది ఒక్కటే రంగన్నట్టు." గొంతులో కొంచెం నిరాశ వినిపించింది నాకు.